సిస్టరమ్మ అడగాలనుకున్నది

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. చాయ్ తాగుతూ తాగుతూ, "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద కేసు ఏది?" అని అడిగారు.

నాకు నవ్వొచ్చింది. ప్రొబేషన్ అధికారి దగ్గరికి పెద్ద కేసులు ఎందుకొస్తాయి? హత్యలూ దోపిడీలూ పోలీసులకు, వకీళ్ళకు, పేపర్లవాళ్ళకు పోతాయి. మన దగ్గరికి వచ్చేది మొదటిసారి తప్పు చేసి కోర్టులో ఒప్పుకున్న మనిషి. అతణ్ణి జైలుకు పంపాలా, మంచిగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపాలా అని మెజిస్ట్రేటు ఆలోచిస్తుంటే, మనం అతని ఊరికి పోయి, ఇల్లూ వాకిలీ చూసి, నలుగురిని కదిలించి ఒక నివేదిక రాసిస్తాం. వదిలిపెడితే కొంతకాలం అతని మీద ఓ కన్ను వేసి ఉంచుతాం. అంతే మన పని. అందుకే ఆ పిల్లలకు పెద్ద కేసు చెప్పలేదు. ఒక జత వెండి కడియాలు పోయిన కేసు చెప్పాను. వాళ్ళు చాయ్ చల్లారబెట్టుకుని మరీ విన్నారు కాబట్టి, మీకూ చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్త. జిల్లాలు ఇంకా చీలలేదు. మాది రామన్నపేట దగ్గరి పల్లె. నల్లగొండవాణ్ణి పాలమూరులో వేశారనగానే మావాళ్ళు నన్ను పరాయి దేశానికి సాగనంపినట్టు సాగనంపారు. తీరా పోయి చూస్తే అవే గుట్టలు, అవే చెలకలు, అవే ఎండలు. బస్సు ప్రయాణాలు మాత్రం పెరిగాయి. కొల్లాపూర్ దిక్కు పోతే ఒక రోజు గోవిందా, ఆత్మకూర్ దిక్కు పోతే ఇంకో రోజు గోవిందా.

ఈ సంగతి జరిగిన ఊరు కృష్ణకు అంత దూరంలో లేని ఒక చిన్న పట్నం. పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. వాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు, పైగా అందులో ఒకామెది సూది వేసే చెయ్యి.

ఆమె సర్కారు దవాఖానలో నర్సు. ఊరంతటికీ సిస్టరమ్మ. యాభై దాటిన మనిషి, కంచు గొంతు. క్రైస్తవ కుటుంబం. వాళ్ళమ్మ కాలంలో గుంట భూమి లేదు. ఆ తల్లి ఊళ్ళవాళ్ళ పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి బిడ్డను నర్సు చదువు చదివించింది. భర్త ఆర్టీసీ డ్రైవరు, ఎప్పుడూ డ్యూటీ మీదే. దవాఖానలో ఆమె నోటి నుంచి తిట్లు తినని రోగి లేడు. గోలీలు వేసుకోకపోతే తిట్టేది, బీడీ తాగితే తిట్టేది, బాలింతకు పుల్కా పెట్టని అత్తను వరండాలో నిలబెట్టి కడిగేసేది. తిడుతూ తిడుతూనే దుప్పటి కప్పేది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఇంట్లో అంట్లు తోమినా, బట్టలు ఉతికినా నోట్లో పాట ఉండాల్సిందే.

డ్యూటీ లేని ఒక రోజు మధ్యాహ్నం ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నట్టుండి వంటింటి తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పడిన చప్పుడైంది. తన ఇంట్లో పరాయి మనిషి, తాను బయట. చుట్టూ ప్రహరీ. తలుపు బాదింది, అరిచింది. కిటికీలోంచి నీలం చొక్కా ఒకటి ముందు గదిలోకి మాయమవడం మాత్రం కనిపించింది.

ఆ అరుపులకు మొదట వచ్చింది పక్కింటామె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇద్దరూ వరసకు వదినెలు కారు కానీ గోడ మీదుగా కూరగిన్నెలు మారీ మారీ వదినెలయ్యారు. ఆమె చుట్టూ తిరిగి వచ్చి, లోపలి నుంచి గొళ్ళెం తీసింది. చూసుకుంటే పోయినవి బియ్యం డ్రమ్ములో దాచిన వెండి కడియాలు. సిస్టరమ్మ తల్లివి.

కొన్నాళ్ళకు వాటిని కొన్న వెండి వ్యాపారి దొరికాడు. అతని ద్వారా దొంగ దొరికాడు. కడియాలు మాత్రం అప్పటికే కరిగిపోయాయి. దొంగ ఇండ్లకు రంగులు వేసే పనివాడు, పాతికేళ్ళ లోపు, పక్క మండలంవాడు. పేకాటలో మునిగి, ఆ పని చేశాడు. ఇదే మొదటిసారి. కోర్టులో నిలబడి ఒప్పుకున్నాడు. నివేదిక రాయమని కాగితం నాకు వచ్చింది.

నేను పద్ధతి ప్రకారం అతని ఊరికి పోయాను. తల్లిని చూశాను, సర్పంచును అడిగాను, చదువుకున్న బడికి కూడా పోయాను. మంచి నివేదిక రాశానని నాకు నేనే మెచ్చుకుంటూ పంపాను. మెజిస్ట్రేటు చిన్న వయసు అమ్మాయి. నన్ను పిలిపించింది.

"ఇతని గురించి అంతా రాశారు. బడిలో ఏ బెంచీ మీద కూర్చున్నాడో తప్ప ఏదీ వదల్లేదు. ఆ నర్సుగారు ఎలా ఉన్నారో ఒక్క ముక్క లేదేం?"

"మేడం, ఆమె సాక్షి కదా" అన్నాను.

"సాక్షి మనకు. ఇల్లు ఆమెది" అంది. "ఒకసారి పోయి చూడండి."

ముప్పై ఏళ్ళకు దగ్గర పడుతున్న సర్వీసులో, పోగొట్టుకున్న మనిషి ఇంటికి పొమ్మని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఫారాల్లో ఆ గడి కూడా లేదు.

ముందు దవాఖానకు పోయాను. వరండాలో కూర్చున్న ఒక ముసలాయన్ని సిస్టరమ్మ ఎక్కడని అడిగితే, ఆయన గొంతు తగ్గించి చెప్పాడు: "లోపలున్నది. ఏమయ్యిందో ఏమో సారు, ఆమె ఎవర్ని తిడ్తలేదు. మాకే పరేషాన్ ఉన్నది. నిన్న నేను బీడీ ముట్టిచ్చినా ఊకున్నది."

ఆ మాట విన్నాక నాకు సగం నివేదిక దొరికినట్టయింది. మిగతా సగం సాయంత్రం వాళ్ళింట్లో ఆమె చెప్పింది. పెరట్లోకి పోతే వంటింటి తలుపుకు వీపు చూపలేనంది. గొళ్ళెం చప్పుడైతే గుండె జారుతుందంది. రాత్రి నిద్ర లేదు. పాట నోట్లోకి రావడం లేదు. చర్చిలో ఇంకెవరో ఎత్తుకుంటున్నారు.

"పాస్టరుగారేమో క్షమించు, క్షమించు అంటరు. మా ఆయనేమో వాన్ని జైల్ల వేస్తరు, ఫికరు చెయ్యకు అంటడు. వాడు జైల్ల ఉంటే నాకేం తెలుస్తది సారు? నాకు తెల్వాల్సింది వేరే ఉన్నది."

"ఏం తెల్వాలె అమ్మా?"

"కడియాలు బియ్యంల ఉన్నయని వానికెట్ల తెలుసు? మా ఇల్లే ఎందుకు? నేనొక్కదాన్నే ఉన్నట్టు ఎవలు చెప్పిన్రు? తలుపుకు గొళ్ళెం ఎందుకు పెట్టిండు, నన్నేం జేద్దామని? కోర్టుల నేను అడిగెటట్టు లేదాయె. వాళ్ళు అడిగినదానికి అవును, కాదు అని చెప్పుడే."

ఆగి, కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించింది. "కడియాలు డ్రమ్ముల ఉన్నయని తెలిసింది ఒక్క పక్కింటామెకే. బియ్యం బదులు తీసుకుంటుంటే చూసింది. నేను అరిచిన్నో లేదో గింత బిరాన ఎట్లొచ్చింది? నేను పోలీసోళ్ళకు అదే చెప్పిన."

ఆ చెప్పడంతో ఏమైందంటే, పోలీసులు పక్కింటామె భర్తను పిలిచి ఒక పగలంతా ఠాణాలో కూర్చోబెట్టి పంపారు. ఏమీ తేలలేదు. కానీ ఊరికి తేలేదీ తేలనిదీ ఎందుకు? 'ఊకెనే పిలుస్తరా?' అన్నది బజారు. ఆయన బస్టాండు దగ్గరి చాయ్ హోటలుకు పోవడం మానేశాడు. దొంగ దొరికిన తర్వాత కూడా సిస్టరమ్మ అనుమానం పోలేదు. దొంగ దొరికాడు కానీ వాడికి చెప్పినవాళ్ళు దొరకలేదన్నది ఆమె లెక్క. గోడ మీదుగా గిన్నెలు ఆగిపోయాయి.

కడియాలు పోయింది ఒక ఇంట్లో. ఇజ్జత్ పోయింది ఇంకో ఇంట్లో. చార్జిషీటులో రెండోదాని ఊసే లేదు.

నేను వెనక్కి వచ్చి మెజిస్ట్రేటుకు చెప్పాను. "అతణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఆమెను అడగనిస్తే?" అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "ఆమెకు ఇష్టముంటేనే. మధ్యలో వద్దంటే అక్కడికక్కడే ఆపెయ్యాలి. శిక్ష తగ్గుతుందని అతనికి ఆశ పెట్టకండి. రాజీ అనే మాట ఎవరూ ఎత్తకూడదు." నేను ఆ మాటలు ఇప్పటికీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పగలను.

సిస్టరమ్మ ఒక రోజు ఆలోచించుకుని సరే అంది. రంగులవాడు మాత్రం భయపడ్డాడు. "సారు, జైలుకే పోత. ఆమె ముంగట నిలబడుడు నాతోని కాదు" అన్నాడు. తల్లి వాణ్ణి ఒక చూపు చూసింది. ఒప్పుకున్నాడు.

ఇక్కడ మా ఆఫీసులోని సీనియర్ అసిస్టెంటు గురించి చెప్పాలి. ఆయన మంచివాడు, సహాయం చేసే గుణం ఉన్నవాడు, ప్రమాదమంతా అక్కడే. రిటైర్మెంటు సభల్లో సన్మాన పత్రాలు చదివేది ఆయనే. రంగులవాడు బెంచీ మీద వణుకుతూ కూర్చుంటే జాలిపడి, "నేనున్నా కదా, ఏం మాట్లాడాల్నో నేర్పిస్త" అన్నాడు. పక్క గదిలో చాలాసేపు నేర్పించాడు. నేను వద్దనలేదు. నాకూ మంచిదే అనిపించింది.

సిస్టరమ్మ వచ్చింది. తలుపు దగ్గరి కుర్చీ కావాలంది, ఇచ్చాం. రంగులవాడు లేచి, చేతులు కట్టుకుని, గోడ మీది క్యాలెండరును చూస్తూ మొదలుపెట్టాడు.

"పూజ్యులైన మాతృమూర్తి గారికి... నా అజ్ఞానాంధకారము వలన... తమ మనోమందిరమునకు కలిగిన... కలిగిన..."

ఆగిపోయాడు. పక్క గదిలోంచి మా అసిస్టెంటు సన్నగా "క్షోభకు" అని అందించాడు.

"క్షోభకు" అన్నాడు వీడు.

సిస్టరమ్మ నా దిక్కు తిరిగింది. "ఇదేంది సారు? సన్మానమా? శాలువా ఎక్కడ?" అని లేచి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా అసిస్టెంటు అన్నం తినలేదని తర్వాత వాళ్ళావిడ చెప్పింది. నేను కూడా ఇక అయిపోయిందనుకున్నాను. కానీ మర్నాడే సిస్టరమ్మ ఫోన్ చేసింది. గొంతులో కోపం ఉంది. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో ఏదో ఒకటి ఉంది.

"సారు, వాన్ని మా ఇంటికి తోలుకరా. భయం మా ఇంట్లనే పుట్టింది, మా ఇంట్లనే పోవాలె. మీ పంతులును మాత్రం తేకు."

దొంగను మళ్ళీ దొంగతనం చేసిన ఇంటికే తీసుకుపోవడం! మెజిస్ట్రేటు అనుమతి తీసుకున్నాను, సిస్టరమ్మ భర్త సెలవు పెట్టుకుని ఇంట్లో ఉండేట్టు చూసుకున్నాను. పగటిపూట, ఎండ బాగా ఉన్నప్పుడు పోయాం.

వాడు గేటు దగ్గర ఆగి, "ఏం చెప్పాలె సారు?" అన్నాడు.

"ఆమె అడిగింది చెప్పు. అంతకన్న ఏం వద్దు" అన్నాను.

సిస్టరమ్మ పెరట్లో కుర్చీలు వేయించింది. తను గోడకు వీపు పెట్టి, వంటింటి తలుపు ఎదురుగా కనిపించేట్టు కూర్చుంది. భర్త పక్కన నిలబడ్డాడు. ప్రహరీ అవతల పక్కింటామె కరివేపాకు తెంపుతోంది. మేము వచ్చినప్పటి నుంచీ తెంపుతూనే ఉంది. ఆ చెట్టుకు ఆకు ఎంత మిగిలిందో నాకు అనుమానమే.

"ఎవలు చెప్పిన్రు నీకు?" సిస్టరమ్మ ముందూ వెనకా లేకుండా అడిగింది.

"ఏం చెప్పుడమ్మా?"

"మా ఇంట్ల కడియాలున్నయని."

"ఎవ్వలు చెప్పలేదమ్మా. కడియాలని గూడ నాకు తెల్వదు. ఈ గల్లీల ఒకలు రంగు పని ఉన్నది రమ్మన్నరు. వచ్చి చూస్తే తాళం ఉన్నది. వాపస్ పోతుంటే మీ గేటు తెరిచున్నది."

"మరి సక్కగ బియ్యం డ్రమ్ము కాడికే ఎట్ల పోయినవ్?"

వాడు తల వంచుకున్నాడు. "మా అమ్మ గూడ అండ్లనే దాస్తది."

సిస్టరమ్మ భర్త దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. ఆమె మొగుడి వైపు ఉరిమి చూసి, మళ్ళీ వాడివైపు తిరిగింది.

"నేనొక్కదాన్నే ఉన్ననని ఎట్ల తెలుసు?"

"మీరున్నరనే తెల్వదమ్మా. లోపట ఎవ్వలు లేరనుకున్న. రేడియో పెట్టి పోయిన్రనుకున్న."

"రేడియోనా? మా ఇంట్ల రేడియో ఏడున్నది?"

"పాట వినవడ్డది గదా. మంచిగుండె పాట. రేడియోల వస్తాందనుకున్న. డ్రమ్ముల చెయ్యి వెట్టిన. అంతట్లనే పాట నడుమ ఆగి, 'ఏయ్ పిల్లీ, పో, నీ పాడుగాను!' అని వినవడ్డది." వాడు మొదటిసారి తలెత్తాడు. "రేడియో గట్ల అనదు గదమ్మా."

తర్వాత గోడ అవతల నుంచి కిసుక్కుమని ఒక నవ్వు వినిపించింది. సిస్టరమ్మ పెదాలు బిగబట్టుకుంది. భర్త ఈసారి దగ్గే ప్రయత్నం కూడా చేయలేదు.

"అప్పుడు నాకు పానం పోయినంత పనయ్యింది" వాడు చెప్పుకుపోయాడు. "పెరట్ల మనిషున్నది, లోపటికొస్తే ఎట్ల అని ఉరికి గొళ్ళెం పెట్టిన. మిమ్మల్నేదో చేద్దామని గాదమ్మా. మీరు రావద్దని. మీరు తలుపు కొడుతుంటే నా కాళ్ళు వణికినయ్. ముంగటి గదిల రెండుసార్లు పడ్డ."

సిస్టరమ్మ చాలాసేపు ఆ తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఆ తలుపు వెనక నిలబడ్డవాడు రోజుల తరబడి కాపు కాసి, అన్నీ తెలుసుకుని, ఏదో చేయడానికే వచ్చిన మనిషి. ఎదురుగా కూర్చున్నవాడు ఆమె గొంతుకు భయపడి పడుతూ లేస్తూ పారిపోయిన మనిషి. ఆ ఇద్దరూ ఒకరు కారని ఆమె నమ్మడానికి కొంత సమయం పట్టింది. ఆ సమయాన్ని ఎవరూ చెడగొట్టకుండా ఉండటమే అక్కడ నా ఉద్యోగం. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇది అనుకున్నంత సులువు కాదు. అధికారులు చేసి చూడండి.

తర్వాత ఆమె తనంతట తానే మొదలుపెట్టింది. "ఆ కడియాలు ఎవలియో ఎరుకేనా? మా అమ్మయి. నాట్ల బురదల నాని నాని ఆమె కాలి వేళ్ళ సందుల తోలు ఊడుతుండె. గా కాళ్ళకు వెండి కడియాలు కావాల్నని ఆమెకు ఆశ. నా చదువు అయిపోయి నాకు నౌకరి వచ్చేదాంక కొనుక్కోలేదు. నా మొదటి జీతంతోని నేను కొనిస్తే, తొడుక్కుని ఊరంత తిరిగొచ్చింది. ఆమె పోయినంక అవి చేతిల పట్టుకుంటే ఆమె కాళ్ళు పట్టుకున్నట్టుండేది నాకు."

వాడు ఏడవలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తూ, "నాకు వెండే కనవడ్డదమ్మా. కాళ్ళు కనవడలే" అన్నాడు. కొంచెం ఆగి, "తప్పయింది" అన్నాడు.

క్షోభ, అజ్ఞానాంధకారం ఏవీ లేవు. ఒక్కటే మాట. సిస్టరమ్మ తలూపింది. క్షమించానని అనలేదు. అనమని ఎవరూ అడగలేదు.

"కడియాలు ఎట్లా తేలేను, ఇల్లంత రంగేసి ఇస్తనమ్మా" అన్నాడు వాడు.

"నా ఇంటికి నీ రంగు వద్దు" అంది వెంటనే. ఆ 'వద్దు'లో పాత సిస్టరమ్మ కనిపించింది.

అప్పుడు గోడ అవతల నుంచి గొంతు వచ్చింది. "విన్నవా, వదినె?"

సిస్టరమ్మ తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఎవ్వలు చెప్పలేదంట. విన్నవా? గింత బిరాన ఎట్లొచ్చిందని అడిగినవంట గదా పోలీసోళ్ళను. అన్నం తింటుంటే నీ అరుపు వినవడ్డది. ఎంగిలి చేతులతోనే ఉరికొచ్చిన."

నేను మెజిస్ట్రేటు చెప్పిన జాగ్రత్తలన్నీ గుర్తుచేసుకున్నాను, గోడ అవతలి మనిషి గురించి ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదు. అడగాల్సినవన్నీ అడిగేసిన మనిషి ఇప్పుడు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. సిస్టరమ్మ లేచి గోడ దగ్గరికి పోయింది. పైట కొంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"వదినె... అది... అప్పుడు నాకు ఎవల్ని చూసినా..."

వెనక కుర్చీలో కూర్చున్న రంగులవాడు ఆమె పడుతున్న అవస్థ చూసి, మెల్లగా, సాయం చేస్తున్నట్టు, "తప్పయింది అనుండ్రి అమ్మా" అన్నాడు.

ఇక ఆగలేకపోయాం. మొదట సిస్టరమ్మ భర్త నవ్వాడు, తర్వాత గోడ అవతలామె, ఆ తర్వాత ప్రొబేషన్ అధికారి. సిస్టరమ్మ వాడి వైపు తిరిగి, "నోరు ముయ్, నువ్వు నాకు చెప్పేటోనివైనవా!" అని ఒక్క కసురు కసిరింది. ఆ కసురుతోనే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. గోడ మీద చెయ్యి పెట్టి, "తప్పయింది వదినె. నీకంటే మీ ఆయనకు ఎక్కువ తప్పు చేసిన" అంది.

పక్కింటామె నవ్వు ఆగిపోయింది. "గా మాట నాకు చెప్తే ఏమొస్తది? ఆయన బజారుకు పోక ఎన్ని రోజులయ్యిందో నీకెరుకనా?"

సిస్టరమ్మ కళ్ళు తుడుచుకుని రంగులవాడి ముందుకు వచ్చి నిలబడింది. "రంగేస్తనన్నవ్ గదా, దానికి బదులు ఏం చెయ్యాల్నో చెప్త. బస్టాండు కాడి చాయ్ హోటలుకు పోవాలె. అందరు ఉన్నప్పుడు. వీళ్ళాయనకు దీంట్ల ఏం సంబంధం లేదు, ఎవ్వలు చెప్పలేదు, నేనే దొంగను అని చెప్పాలె. నీ యెంట నేనొస్త. పోలీసోళ్ళకు ఆయన పేరు చెప్పింది నేనేనని నేను చెప్త."

నేను మధ్యలోకి వచ్చాను. "బలవంతమేం లేదు. కాదనొచ్చు. కాదన్నా నా నివేదికల తేడా రాదు" అన్నాను. నిజంగానే అన్నాను. నలుగురిలో మనిషిని నిలబెట్టి తలవంపులు చేయడం మన పని కాదు. వాడు నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. "పోదాం పాండ్రి అమ్మా" అన్నాడు.

ఆ రోజు సంత. హోటల్లో కాలు పెట్టడానికి జాగా లేదు. పక్కింటాయన్ని భార్య ఎట్లా ఒప్పించిందో తెలియదు, వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సిస్టరమ్మ లోపలికి రావడంతోనే బీడీలు కొన్ని బల్లల కిందికి పోయాయి. ముందు ఆమె మాట్లాడింది. ఆయన పేరు తన నోటి నుంచే పోయిందని, అది తన భయంతో అన్న మాట తప్ప నిజం కాదని చెప్పింది. తర్వాత రంగులవాడు చెప్పాడు. గొంతు సరిగా రాలేదు. వెనక బల్లల వాళ్ళు "జర గట్టిగ చెప్పు" అన్నారు. మళ్ళీ చెప్పాడు.

అందరూ తలుపు దగ్గరి మనిషి వైపు చూశారు. ఆయన మాటకారి కాదు. రుమాలు భుజం మార్చుకుని, "నన్ను ఠాణాల కూసోబెట్టిన్రు. నువ్వు ఈడ నిలబడ్డవ్. ఇగ సరిపాయె" అన్నాడు. ఎప్పుడూ కూర్చునే మూల బల్ల దగ్గరికి పోయాడు. అక్కడ కూర్చున్నవాళ్ళు జరిగి జాగా ఇచ్చారు. ఎవరూ ఏమీ అనకుండానే హోటలాయన ఆయన ముందు ఒక చాయ్ పెట్టాడు.

జరిగినదంతా నివేదికలో రాసి పంపాను. మెజిస్ట్రేటు బాండు మీద వదిలింది, కొంతకాలం నా పర్యవేక్షణలో ఉండమంది. వాడు నియమం తప్పకుండా వచ్చేవాడు. ఒకసారి మా ఆఫీసు గోడల పరిస్థితి చూసి, సారు, ఈ గోడలను చూస్తే నాకు దుఃఖం వస్తాందన్నాడు. సర్కారు గోడలకు ప్రైవేటు దుఃఖం పనికిరాదని చెప్పి పంపాను.

కొన్ని నెలల తర్వాత ఆ వైపు పోయినప్పుడు దవాఖానలో సిస్టరమ్మను కలిశాను. నేను ఉప్పు తగ్గించలేదని నన్ను తిట్టింది. తర్వాత తనే ఎత్తింది. "అందరు ఒక్కటే అడుగుతరు సారు, వాన్ని క్షమించినవా, క్షమించినవా అని. అది దేవునికి, నాకు మధ్యల ఉన్న ముచ్చట, ఎప్పటికో తెగుతది. నాకు నిద్ర వడ్తాంది. నాకు గంతే చాలు."

పిల్లలూ, ఇది చదివి మీరు ప్రతి కేసుకూ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయబోకండి. మన ఊళ్ళలో పెద్దమనుషులు బాధపడ్డ ఆడమనిషి నోరు నొక్కి 'రాజీ' చేయించడం మీకు తెలియంది కాదు. ఇది అది కాదు. మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఒకామె విషయంలో, వాళ్ళ కులపెద్దలే వచ్చి 'మీరు గట్ల కూసోబెడ్తరంట గదా' అని అడిగితే, నేను చేతులెత్తి దండం పెట్టి పంపించాను. ఆమె అతని నీడకే వణుకుతోంది. ఎదురుగా కూర్చుని ఏం అడుగుతుంది? ఇంకో కేసులో పోగొట్టుకున్నాయన, 'వాని మొహం నేను చూడ' అన్నాడు. సరేనన్నాను. అదీ జవాబే. శిక్ష వేయడానికి చట్టం ఉంది, కోర్టు ఉంది. కానీ పోగొట్టుకున్న మనిషి మనసులో కొన్ని ప్రశ్నలు మిగిలిపోతాయి, వాటికి జవాబు ప్రపంచంలో ఒక్క మనిషి దగ్గరే ఉంటుంది. ఆ మనిషిని మనం జాగ్రత్తగా తీసుకుపోయి జైల్లో పెట్టి తాళం వేసి, నీకు న్యాయం జరిగింది పో అమ్మా అంటాం. నేను ఎక్కువ సర్వీసు అట్లాగే చేశాను. ఎవరూ తప్పు పట్టలేదు, ప్రమోషన్ కూడా ఇచ్చారు.

నేను రిటైరయ్యే ఏడాది ఇంకో కేసు వచ్చింది. మేకలు పోగొట్టుకున్న ఒక ఒంటరి ఆడమనిషి. దొంగ ఆమెకు బాగా తెలిసినవాడే. ఎదురుగా కూర్చోవాలనీ ఉంది, భయమూ ఉంది. మా ఆఫీసు దాకా వచ్చి, వరండాలో బెంచీ పట్టుకుని లేవనంది. నేను చెప్పాల్సిన మాటలన్నీ చెప్పాను. ఒక్కటీ పనిచేయలేదు. చివరికి ఆమెను అడిగి, సిస్టరమ్మకు ఫోన్ చేశాను.

డ్యూటీ దిగి, నర్సు బట్టల్లోనే బస్సెక్కి వచ్చింది. నాకు నమస్కారం కూడా పెట్టలేదు. పోయి ఆ బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని, ఆమె చెయ్యి నాడి చూస్తున్నట్టు పట్టుకుంది.

"ఏమడగాల్నని ఉన్నదక్కా నీకు?"

"ఏమో... అన్నం పెట్టిన చేతిని ఎట్ల కరిచిండు అని..."

"గదే అడుగు. మంచిగ మాట్లాడాల్నని చూడకు. కోపమొస్తే కోపంగనే అడుగు. ఏడుపొస్తే ఏడువు. లేచిపోవాల్ననిపిస్తే లేచిపో, నేను గూడ నీ యెంట లేస్త. వాడేమన్న గ్రాంథికం మొదలువెట్టిండనుకో, అప్పుడు నాకు వదిలిపెట్టు."

పక్క గదిలో మా సీనియర్ అసిస్టెంటు ఫైలు వెనక మొహం దాచుకున్నాడు.

ఆమె మెల్లగా లేచింది. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని, ఆ మేకల దొంగ అప్పటికే కూర్చుని ఉన్న నా గదిలోకి పోయారు. నేను వెనకనే పోబోతుంటే, సిస్టరమ్మ గుమ్మంలో తిరిగి నిలబడి, "ఆమెకు ఇష్టమైతే పిలుస్త. అప్పటిదాంక మీరు జర బయట కూసోండ్రి సారు" అంది.

నా ఆఫీసు, నా గది, నా కుర్చీ. నేను బయట బెంచీ మీద కూర్చుని చాయ్ తెప్పించుకున్నాను. లోపల ఆ మేకలామె గొంతు మొదట సన్నగా, తర్వాత కొంచెం గట్టిగా, తర్వాత ఆఫీసంతా వినపడేట్టు లేచింది. నా సర్వీసులో నేను చేసిన మంచి పనులు కొన్ని ఉన్నాయి. అన్నిట్లోకీ మంచిది, ఆ పూట తలుపు అవతల కూర్చుని, పిలిచేదాకా లోపలికి పోకుండా ఉండటం.